తెరిచి ఉండాల్సిన గేటు

ఆసుపత్రి లాండ్రీలో ఆవిడకు కోపమొస్తే ఆవిరి గొట్టాలు కూడా బుసకొట్టడం ఆపేస్తాయని తోటివాళ్ళు చాటుగా నవ్వుకునేవాళ్ళు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. అందరికీ ఆవిడ ఇస్త్రీ అక్క. స్టోరు గుమాస్తా ఒకసారి దుప్పట్లు సరిగ్గా మడవలేదని గొణిగితే, మడిచిన కట్టంతా ఆయన బల్ల మీద విప్పి పడేసి, "అయితే తమరు మడిచి చూపించండి బాబూ, నేర్చుకుంటాను" అని చేతులు కట్టుకుని నిలబడింది. పాపం, ఆ మనిషి ఆ తర్వాత లాండ్రీ వైపు రావాల్సి వస్తే వేరే వాళ్ళని పంపేవాడు.

కోపం రాదూ మరి? పొద్దున వెళ్ళింది మొదలు సాయంత్రం దాకా ఒక్కచోటే నిలబడి చేసే పని. అవతల నుంచి తడి దుప్పట్లు వేడి ఇస్త్రీ రోలరులోకి పోతుంటాయి. ఇవతల ఆవిడ చేతులు కాలేంత వేడి దుప్పటి అందుకుని, కొసకు కొస కలిపి మడిచి, అరలో సర్దాలి. కిటికీలకు మసక అద్దాలు. బయట ఎండ కాస్తోందో, వాన పడుతోందో కూడా తెలియదు. ఏడాదంతా నిలబడ్డ చోటే నిలబడే కాళ్ళు అవి. అందుకే ఎండాకాలంలో దొరికే ఆ కాస్త సెలవులో ఆవిడ పల్లెల్లో నడుస్తుంది. పొలాల మధ్య నుంచి, కాలవ గట్ల మీదుగా, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి, భుజాన గుడ్డ సంచి, పక్కన కుక్క.

"సెలవు పెట్టి నడవడమేంటక్కా, కాళ్ళు నొప్పి పుట్టించుకోడానికి?" అనేవాళ్ళు లాండ్రీలో.

"ఇక్కడ నిలబడితే పుట్టే నొప్పి వేరు, అక్కడ నడిస్తే పుట్టే నొప్పి వేరు. నీకు తెలీదులే, నువ్వు సెలవంతా మంచం దిగవు" అనేది.

కుక్క పేరు జమీందారు. లాండ్రీ వెనక వేడిగాలి వదిలే గొట్టం కింద, చలికి ముడుచుకుని పడుకున్న కుక్కపిల్లని చిరిగిన దుప్పటి ముక్కలో చుట్టి ఆవిడే ఇంటికి తెచ్చింది. కాళ్ళు పొట్టి, పొట్ట పెద్దది, ఒక చెవి ఎప్పుడూ వాలిపోయి ఉంటుంది. నడిచేటప్పుడు ప్రతి పొలం దగ్గరా ఆగి, తల ఎత్తి, ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకసారి చూసుకుని గానీ కదలడు. తన భూములన్నీ సవ్యంగా ఉన్నాయో లేదో చూసుకుంటున్నాడని ఆవిడ ఆ పేరు పెట్టింది. కోడి ఎదురొస్తే పక్కకు తప్పుకునే జమీందారు. మేక తల ఆడిస్తే ఆవిడ వెనక్కి వచ్చి నక్కుతాడు. బస చేసే చోట్ల ఎవరైనా "కుక్కలకు చోటు లేదండీ" అంటే ఆవిడ సంచి మళ్ళీ భుజానికి తగిలించుకుని, "అయితే మనుషులకు కూడా లేనట్టే" అని వెళ్ళిపోయేది. అలా ఒకసారి వానలో గడ్డివాము కింద పడుకుంది కూడా. పడుకుని ఆ బస యజమానిని తెల్లారేదాకా తిట్టుకుంది.

ఇన్నేళ్ళూ వాళ్ళిద్దరే నడిచారు. ఆవిడ మొగుడు రైల్వే గేటు కాపలాదారు. అందరూ గేటాయన అంటారు. రైలు పట్టాల పక్కన చిన్న గది, గోడకో టెలిఫోను, ఆకుపచ్చ జెండా, ఎర్ర జెండా. ఫోను మోగిందంటే చేతిలో ముద్ద చేతిలోనే వదిలేసి పరిగెత్తి గేటు వెయ్యాలి. గేటు కింద నుంచి దూరే సైకిళ్ళ వాళ్ళతో, హారన్లు మోగించే లారీల వాళ్ళతో రోజూ యుద్ధమే. సెలవు అడిగితే ఇచ్చేవాళ్ళు కాదు, ఆయనా గట్టిగా అడిగేవాడు కాదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయన గేటు దగ్గర ఒక్క ప్రాణం పోలేదు. దిగిపోయిన రోజున ఆ మాటే చెక్కిన ఒక ఇత్తడి పలక ఇచ్చి, దండ వేసి పంపారు. ముందు గదిలో దాన్ని ఆయనే మేకు కొట్టి తగిలించుకున్నాడు.

ఉద్యోగం పోయింది గానీ అలవాటు ఎక్కడికి పోతుంది? ఇంట్లో ఏదైనా తెరిచి ఉంటే ఆయన చూసి ఓర్చుకోలేడు. బీరువా తలుపు, డబ్బా మూత, కిటికీ రెక్క, ఏది కనిపిస్తే అది మూస్తాడు. ఆవిడ స్నానానికని నీళ్ళు తోడుకుని సబ్బు కోసం ఇలా తిరిగేలోగా బకెట్టు మీద పళ్ళెం పెట్టేస్తాడు. "మూతలు పెట్టే జబ్బండీ మీది" అని ఆవిడ అరిచేది. నవ్వేవాడు. మంచివాడే. అదే కదా ఏడుపు.

ఆ ఏడు ఆయన కూడా నడకకు వస్తానన్నాడు. ఆవిడకు లోపల సంతోషమే, పైకి మాత్రం, "వస్తే రండి. కానీ ఒక్కటే మాట, చెవిలో వేసుకోండి. పొలాల్లో గేటు తీసి ఉంటే తీసే ఉంచాలి, వేసి ఉంటే వేసే ఉంచాలి. మన తెలివి వాడకూడదు. ఎవరి పశువులు, ఎవరి నీళ్ళు, ఎవరి మేత అన్నది వాళ్ళకి తెలుస్తుంది" అని చెప్పింది.

"నాకు గేట్ల గురించి చెప్పేంత దానివయ్యావన్నమాట" అన్నాడు ఆయన.

ఆ రోజు ఎండ మాడ్చేస్తోంది. దారి ఒక పెద్ద పచ్చిక బీడులోంచి పోతోంది. పైన చెట్ల నీడలో ఆవులు పడుకుని ఉన్నాయి. బీడు కింది చివర చెక్క గేటు బార్లా తీసి, కదలకుండా రాయి అడ్డం పెట్టి ఉంది. గేటు దాటితే కుంట, పక్కన లోతైన కాలవ. ఆవిడా జమీందారూ గేటు దాటి మలుపు తిరిగారు. గేటాయన వెనక వస్తున్నాడు. కాసేపటికి చెమట తుడుచుకుంటూ, మొహం వెలిగిపోతూ వచ్చాడు.

"ఎవడో బుద్ధిలేనివాడు గేటు తీసి పోయాడే. వేసి, గొలుసు కూడా చుట్టొచ్చా."

ఆవిడకు నెత్తి మీద నుంచి అరికాలి దాకా మండింది. "రాయి పెట్టి మరీ తీసి ఉంచారు, కనబళ్ళేదా? ఈ ఎండలో పశువులు నీళ్ళకు దిగొద్దా? ఎన్నిసార్లు చెప్పాను! వెళ్ళండి, వెళ్ళి తీసి రండి. రాయి కూడా పెట్టి రండి."

"సర్లే, అరవకు" అని ఆయన వెనక్కి నడిచాడు. ఆవిడ మడమ మీద బొబ్బ లేచింది. చెట్టు కింద కూర్చుని చెప్పు విప్పి, జమీందారుకు గిన్నెలో నీళ్ళు పోసింది. ఆయన తిరిగి వచ్చాడు.

"తీశారా?"

"ఆ."

"రాయి?"

"పెట్టానన్నాగా. పద."

ఆ సాయంత్రం దారిలో ఉన్న ఊళ్ళో ఒక గది దొరికింది. జమీందారును రానిచ్చారు. ఆవిడకు అంతకంటే ఏం కావాలి? మొగుడి కాళ్ళకు కూడా వేన్నీళ్ళు పెట్టింది. ఇకమీదట ఏటా ఇద్దరూ కలిసి రావచ్చని అనుకుంది. ఆ మాట ఆయనతో అంది కూడా.

పొద్దున వాళ్ళు వరండాలో టీ తాగుతుంటే వాకిట్లో జీపు ఆగింది. ముందు ఒక ఆవిడ దిగింది. మోకాళ్ళ దాకా బురద, చేతులకు ఎండిన రక్తం, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళు. వెనక సంచితో ఒక పెద్దమనిషి. ఆవిడ ఆ పచ్చిక బీడు మనిషి, పాడి చేసుకుని బతుకుతుంది. ఆయన పశువుల డాక్టరు.

"ఈ కుక్కేనా?" అంది పాడి ఆవిడ.

జమీందారు లేచి, తోక ఊపుకుంటూ ఆవిడ బురద కాళ్ళు వాసన చూశాడు. ఆవిడ కాలు వెనక్కి లాక్కుంది.

విషయం డాక్టరు చెప్పాడు. నిన్న మధ్యాహ్నం మందంతా ఒక్కసారిగా కిందికి పరిగెత్తింది. గేటు స్తంభంతో సహా విరిగిపోయింది. ఆ తోపులాటలో ఒక ఆవు కాలవలో పడి రెండు ముందుకాళ్ళూ విరగ్గొట్టుకుంది. రేపో మాపో ఈనాల్సిన ఆవు. బాధ చూడలేక పొద్దున్నే ఆయనే సూదిమందు ఇచ్చి నిద్రపుచ్చాడు. దూడ కూడా దక్కలేదు. నిన్న ఆ దారిన కుక్కతో వెళ్ళింది వీళ్ళే.

"పశువుల్ని తరిమి చంపిన కుక్కని ఇక్కడ బతకనివ్వరమ్మా. ఇక్కడి కట్టడి అది. నాకూ ఇష్టమై రాలేదు" అన్నాడు. సంచి నేల మీద పెట్టాడు.

ఇస్త్రీ అక్క టీ గ్లాసు పక్కన పెట్టి లేచింది. "మా కుక్క తరమడమా? పిల్లిని చూస్తే నా కొంగులో దూరే కుక్క అండీ ఇది. మెడకు తాడుంది, తాడు నా చేతిలో ఉంది. గేటు తీసే ఉంది, మేం వచ్చేటప్పుడు కూడా తీసే వచ్చాం. ఏవండీ, చెప్పండి."

"ఆ... తీసే ఉంది" అన్నాడు గేటాయన.

"అదీ సంగతి. తనే ఒప్పుకుంది" అంది పాడి ఆవిడ డాక్టరుతో. "గేటు తీసి ఉంటే నా ఆవులు ఒకదాని వెనక ఒకటి నింపాదిగా నీళ్ళకు దిగుతాయి. ఎండాకాలమంతా అలాగే దిగుతాయి. ఎవరూ తరమకపోతే స్తంభాలు విరిగేలా ఎందుకు పరిగెత్తుతాయి? చెప్పమ్మా, నువ్వే చెప్పు!"

ఇస్త్రీ అక్క ఆలోచనలో పడింది. నిజమే కదా. తీసి ఉన్న గేటును ఏ పశువైనా ఎందుకు విరగ్గొడుతుంది? మూసి ఉంటే, దప్పికతో, ఎదురుగా నీళ్ళు కనబడుతూ ఉంటే... ఆవిడ మొగుడి వైపు తిరిగింది. ఆయన గది తలుపు దగ్గర నిలబడి, వేసి ఉన్న గడియనే మళ్ళీ మళ్ళీ లోపలికి నొక్కుతున్నాడు. ఇన్నేళ్ళ కాపురం. ఆ చెయ్యి చూస్తే చాలు ఆవిడకు.

"మీరు ఆ గేటు తీశారా?" అంది నెమ్మదిగా.

"తీశానన్నాగా."

"నా మొహం చూసి చెప్పండి."

ఆయన చూడలేదు. డాక్టరు సంచి జిప్పు తీస్తున్నాడు. గేటాయన అది చూశాడు, చూసి గడియ వైపు తిరిగాడు. ఆవిడకు అప్పుడు వచ్చింది కోపం కాదు, ఇంకేదో. లాండ్రీలో, బస్సుల్లో, బసల దగ్గర ఆవిడ పడ్డ కోపాలన్నీ దీని ముందు ఉత్త చిరాకులు.

"గేటు ఈయన మూశాడు! గొలుసు చుట్టాడు. తీసి రమ్మని పంపించాను, తీయకుండా వచ్చాడు" అని అరిచింది.

"బాగుందమ్మా! ఇందాక తీసే ఉందన్నావు, కుక్క పీక మీదకొచ్చేసరికి మూసేశాడంటున్నావు. ఇంకాసేపుంటే నేనే మూశానంటావు" అంది పాడి ఆవిడ. ఆవిడ మాట్లాడింది న్యాయమే. ఇస్త్రీ అక్క తన నోటితో తనే కుక్క గొంతుకు తాడు బిగించింది, ఇప్పుడు ఆ నోటిని ఎవరు నమ్ముతారు? నమ్మించగలిగిన మనిషి ఒక్కడే. ఆయనేమో నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్నట్టు నిలబడ్డాడు.

"గేటు చూపించండి" అంది ఇస్త్రీ అక్క. "ఆ విరిగిన గేటు దగ్గరికి తీసుకెళ్ళండి. చూశాక మీ ఇష్టం. అప్పటిదాకా నా కుక్క మీద చెయ్యి వేశారంటే మాత్రం ఊరుకోను, చెబుతున్నా."

డాక్టరు జిప్పు వేశాడు. జీపులో జమీందారు ఒక్కడే తల బయటపెట్టి, తన పొలాలు చూసుకుంటూ కూర్చున్నాడు.

అక్కడ డాక్టరు కుక్కను జీపు బంపరుకు కట్టేశాడు. కాలవ పక్కన చచ్చిన ఆవు మీద టార్పాలిన్ కప్పి ఉంది. పాడి ఆవిడ అటు చూడకుండా నడిచింది. గేటు ముక్కలైపోయి బురదలో పడి ఉంది. నిన్నంతా ఆవును పైకి లాగే గోలలో దాని వంక ఎవరు చూస్తారు? ఇస్త్రీ అక్క చీర మోకాళ్ళ పైకి దోపుకుని బురదలోకి దిగి, విరిగిన స్తంభం కొసను రెండు చేతులా పట్టుకుని తిప్పింది. గేటు చెక్క ముక్క ఇంకా దాన్ని వదల్లేదు. రెండింటినీ కలిపి గొలుసు మూడు చుట్లు చుట్టి ఉంది. చివరి కొసను చుట్ల లోపల నుంచి తీసి, కిందికి మడిచి, బిగించి ఉంది.

"ఇది నువ్వు చుట్టావా తల్లీ?" అని పాడి ఆవిడను అడిగింది.

పాడి ఆవిడ వంగి చూసింది. వేలితో గొలుసు కొస తడిమింది. "ఎండాకాలంలో నేను గొలుసు ముట్టుకోను. రాయే పెడతాను. చలికాలంలోనైనా కొక్కేనికి తగిలిస్తాను గానీ ఇలా చుట్టను. ఎవరు చుట్టారిది?"

ఇస్త్రీ అక్క మొగుడి వైపు తిరిగింది. ఇంట్లో బియ్యం సంచి మూతి ఇలాగే ఉంటుంది. పెరటి తలుపు ఇలాగే ఉంటుంది. విప్పలేక ఆవిడ గోళ్ళు విరిగిన రోజులున్నాయి.

"చెప్పు" అంది. పెళ్ళయిన నాటి నుంచి ఆయన్ని ఒక్కసారి కూడా 'నువ్వు' అని పిలవలేదు ఆవిడ. "ఇప్పుడైనా చెప్పు."

గేటాయన ఆ గొలుసు వైపే చూశాడు. "నేనే. వెనక్కి వెళ్ళాను. గొలుసు మీద చెయ్యి కూడా వేశాను. తీయడానికి చెయ్యి రాలేదే. ఇన్నేళ్ళు మూసిన చెయ్యి. తీస్తే ఏదో అయిపోతుందనిపించింది. తీశానని నీకు అబద్ధం చెప్పాను. పొద్దున ఆవు చచ్చిందనగానే... నా చేతి మీద ఒక ప్రాణం పోయిందని చెప్పడానికి నోరు రాలేదు."

"చెయ్యి రాలేదు, నోరు రాలేదు!" ఆవిడ గొంతు బీడంతా వినబడింది. "నా కుక్కకు సూది పొడవబోతుంటే చూడ్డానికి కళ్ళు మాత్రం వచ్చాయి! అడిగినప్పుడు చెప్పావా? మొహం చూసి అడిగితే చెప్పావా? దొరికిపోయాక చెప్పావు. ఆ గొలుసు బురదలో కూరుకుపోయి ఉంటే ఏం చేసేవాడివి? నాతో పాటు కూర్చుని ఏడ్చేవాడివా? నన్ను ఓదార్చేవాడివా?"

ఆయన ఓదార్చేవాడు. అది ఇద్దరికీ తెలుసు.

పాడి ఆవిడ ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడింది. కొడుతుందేమోనని డాక్టరు ఒక అడుగు ముందుకు వేశాడు. కొట్టలేదు. "పుట్టబోయే దూడ కోసం పొదుగు నింపుకుని ఉందయ్యా అది" అంది. "ఎండలో నీళ్ళు ఎదురుగా పెట్టుకుని ఎంతసేపు నిలబడ్డాయో నా పశువులు. ఏం మనిషివయ్యా నువ్వు?" టార్పాలిన్ దగ్గరికి వెళ్ళి కూలబడింది. ఇస్త్రీ అక్క వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. క్షమించమని అడగడానికి కూడా సిగ్గేసింది. ఆవిడ భుజం మీద చెయ్యి వేసి ఊరుకుంది. ఆ చేతిని పాడి ఆవిడ తోసెయ్యలేదు.

డాక్టరు వెళ్ళి బంపరుకు కట్టిన తాడు విప్పాడు. జమీందారు ఒళ్ళు దులుపుకుని పరుగెత్తాడు. ఇస్త్రీ అక్క లేచి చేతులు చాచింది. వాడు ఆవిడ పక్కనుంచే దూసుకుపోయి, ఒంటరిగా నిలబడ్డ గేటాయన దగ్గరికి వెళ్ళాడు. ఆయన మోకాళ్ళ మీద రెండు కాళ్ళూ వేసి, చేతులు నాకి, ఆయన చెప్పుల మీద గడ్డం ఆన్చి పడుకున్నాడు. ఆవిడకు ఆ కుక్క మీద కూడా ఒళ్ళు మండిపోయింది.

గేటాయన మోకాళ్ళ మీద కూలబడి వాడి మెడ కావలించుకుని ఏడ్చాడు. చాలాసేపు ఏడ్చి, తల ఎత్తి పెళ్ళాం వైపు ఆశగా చూశాడు.

"చూశావా, వీడికి నా మీద కోపం లేదే" అన్నాడు.

ఆవిడ వచ్చి ఆయన చేతుల్లోంచి తాడు తీసుకుంది.

"వాడికి తెలీదు" అంది. "నాకు తెలుసు."